గింజల పాతరకు తడక

దగ్గరికి జరిగి కూర్చోండి. మగవాళ్ళు లేచిపోనక్కరలేదు. మిమ్మల్ని కన్నవాళ్ళు కూడా పడ్డ బాధే ఇది.

మాది మరిపెడ పక్క పల్లె. దొరల మీద పోరాటం నడుస్తున్న రోజులు. నా పెనిమిటి దళంలో కలిసి అడవి పట్టాడు. ఇంట్లో నేనూ, మా అత్తా. నాకు ఏడో నెల. అంతకుముందు ఒక కడుపు పోయింది కనుక ఇద్దరి ప్రాణాలూ ఈ బిడ్డ మీదే.

ఊరి బయట సిపాయిల క్యాంపు దిగింది. దళం వాళ్ళు దాక్కుంటారని ఊరి చుట్టూ తంగేడు పొదలన్నీ నరికి కాల్చేశారు. ఆడవాళ్ళం చెంబు పట్టుకొని పోయేది ఆ పొదల చాటుకే. పొద్దు పొడవక ముందు గడప దాటితే తుపాకీ. పొడిచాక పోతే బోడి చేలో వాళ్ళ కళ్ళు. ఆపుకోవడం అందరం నేర్చుకున్నాం. నేనైతే నీళ్ళు తాగడమే మానేశాను. ఎండు జొన్నరొట్టె, కారం, ఒక గుక్క. ఇక ఆగదు అన్నప్పుడు నలుగురం కలిసి పోయేవాళ్ళం. ముగ్గురు కొంగులు అడ్డం పడితే ఒకరు కూర్చోవాలి, గబగబా ముక్కి లేవాలి.

మొదట మంట. తర్వాత రేగుపండంత గడ్డ బయటికి వచ్చింది. కూర్చుంటే ముల్లు గుచ్చినట్టు, నడిస్తే కారం రాసినట్టు. ఒకనాడు చీరకు నెత్తురంటింది. అది అత్త కంట పడింది.

"పాయె. ఇది గూడ పాయె," అని ఆమె నేల మీద కూలబడింది.

నన్ను మంచంలో వేసి, కాళ్ళ వైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టింది. చలువకు కడుపు జారుతుందని మజ్జిగ మాన్పించింది, ఆకుకూర మాన్పించింది. నీళ్ళు కూడా నోరు తడవడానికే. ఆ నెత్తురు ఎక్కడిదని ఆమె అడగలేదు. నాకూ తెలియలేదు, నడుము కింద అంతా ఒకటే మంట. కదలక పడుకునేసరికి కడుపు రాయిలా బిగిసింది. నెత్తురు ఇంకా ఎక్కువైంది.

చివరికి అత్త మంత్రసానిని పిలిపించింది. ఆ ముసలామె తలుపు మూసి నన్ను చూసింది. పొట్ట మీద చెయ్యి వేసి కాసేపు ఉంది. తర్వాత అత్త వైపు తిరిగింది.

"ఏమే చెల్లె, నీ మన్మడు ఏ తొవ్వ పట్టి వస్తడనుకున్నవ్?"

"ఏందక్కా గా మాట?"

"నెత్తురు ఎనక నుంచి వస్తాంది. బిడ్డ లోపట మంచిగ తంతాంది. గివి మొలలు. నీళ్ళు బంద్ జేసి నువ్వే పెంచినవ్."

"నెత్తురు జూసినంక నా పానం నాకాడ లేదక్కా."

"ముంగటనా, ఎనకనా అని అడగాలె గద! గంత మాటకు సిగ్గేందే?"

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మంత్రసాని నాతో అంది: "నీళ్ళు దండిగ తాగు బిడ్డా. పల్చగ సల్ల తాగు. గంగవాయిలి కూర పప్పుల ఏసుకొని తిను. గంగాళంల గోరెచ్చటి నీళ్ళు పోసి అండ్ల కూసో, గుంజుడు తగ్గుతది. పక్కకు ఒరిగి పండు. వచ్చినప్పుడు ఆపకు, రానప్పుడు ముక్కకు."

"ఆపకుంటె యాడికి పోవాలె అవ్వా?"

ఆమె అత్త వైపు చూసి, మూసిన తలుపు తీసింది.

మా వాకిట్లో భూమిలో తవ్విన గింజల పాతర ఉండేది. ఏడాది జొన్నలన్నీ అందులోనే. తలస్నానం చేసి, పసుపు కుంకుమ పెట్టనిదే దాని మూత తీయనిచ్చేది కాదు అత్త. చెప్పులతో పక్కన నడిచినా తిట్టేది. ఆ ఏడు సిపాయిలు సోదాకు వచ్చి, దళానికి తిండి పెడుతున్నామని గింజలన్నీ ఎత్తుకుపోయారు. పాతర ఉత్తగా నోరు తెరుచుకొని ఉంది.

అత్త దాని అంచున చాలాసేపు కూర్చుంది. లేచి రెండు మొద్దులు అడ్డం వేసింది. జొన్న సొప్పతో తడక అల్లి చుట్టూ నిలబెట్టింది. నేలకు నుదురు ఆనించి మొక్కింది.

"పో బిడ్డా."

"అత్తా, గింజలు పోసే పాతర..."

"గింజలు లేవు గద. బిడ్డన్న ఉండాలె."

నెత్తురు మెల్లగా తగ్గింది. గడ్డ మాత్రం కాన్పు అయ్యాకే పోయింది. వెనకింటి కోడలు కూడా కడుపుతోనే ఉండేది, నాలాగే నెత్తురు పోయేది. మా తడక చాటుకు రమ్మని అత్త పిలిస్తే, గింజల తల్లిని మైల చేసిన ఇంటికి మా పిల్ల రాదన్నారు వాళ్ళు. ఒంట్లో నెత్తురు లేకనే ఆమె కాన్పులో పోయింది. ఆమె శవాన్ని కూడా పొద్దు పొడిచేదాకా సిపాయిలు గడప దాటనివ్వలేదు.

నాకు కూతురు పుట్టింది. దాని తండ్రి తిరిగి రాలేదు. క్యాంపు ఎత్తేశాక పాతర మన్నుతో పూడ్చాం. ఆ తర్వాత కొత్త జొన్నలు ఇంటికి వచ్చిన ప్రతిసారీ అత్త దోసెడు తీసి అక్కడ చల్లేది. "తప్పాయె తల్లీ," అనేది. ఆమె అటు తిరగగానే నా కూతురు ఆ గింజలు ఏరుకొని నోట్లో వేసుకునేది.

విన్నారు కదా. మీ ఇంట్లో గింజలు నిండుగా ఉండాలి. మీ కోడళ్ళు నీళ్ళ చెంబు చూసి జంకకుండా, కడుపు నిండా తాగి చల్లగా కనాలి.