ముఖచిత్రం కోసం భావనపాడు వెళ్ళిన రోజు

ఈ ప్రయాణం ఒక పోట్లాటతో మొదలైంది. విజయనగరంలో ఒక చిన్న సంగీత మాసపత్రికకి ఫోటోలు తీసి అట్ట తయారుచేయడం నా పని. ఈసారి సంచిక మొత్తం పనిపాటల మీద. దాని అట్టకి మా సంపాదకుడు శ్రీధర్ గారు ఎంచుకున్నదేమో ఒక సినిమా గాయని స్టూడియో ఫోటో. నాకు ఒళ్ళు మండిపోయింది. చెమట పాటకి పౌడరు ముఖమా? కార్మిక సంఘాల కరపత్రాలు చదువుకుని లోకం తెలుసుకున్నవాణ్ణి, ఊరుకోలేకపోయాను. శ్రమకి ఒక ముఖం ఉంటుంది, దాన్ని తెచ్చి చూపిస్తాను, వేయకపోతే ఈ పనే మానేస్తాను అన్నాను. ఆయన నింపాదిగా, "రేపు సాయంత్రం అట్ట ప్రెస్సుకి వెళ్తుంది. ఆలోగా తెస్తే చూద్దాం. లేదంటే గాయనే," అన్నారు.

మర్నాడు తెల్లవారుజామున పలాస వైపు వెళ్ళే పాసింజరు ఎక్కి, ఎనిమిది దాటాక నౌపడలో దిగాను. రైలు వేళలు మారుతుంటాయి, ముందురోజే కనుక్కోండి. స్టేషన్ బయట షేర్ ఆటో దొరుకుతుంది, మనిషికి ముప్పై రూపాయలు తీసుకున్నాడు. దారికి రెండు పక్కలా ఉప్పుమళ్ళు. ఆ నీళ్ళలో ఆకాశం ఎంత నిశ్చలంగా ఉందంటే, ఆటో మేఘాల మధ్య గట్టు మీద పోతున్నట్టనిపించింది. వలపాట కోసం వచ్చానంటే డ్రైవరు అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ పాటా? అది ఇంట్లో ఆడోళ్ళ ముందు పాడేది కాదు బాబూ," అని నవ్వాడు.

భావనపాడు ఒడ్డున వల యజమాని పోలయ్య గారికి ముందే ఫోను చేసి ఉంచాను. ఇక్కడ అలివి వల అంటే చాలా పెద్ద వల. పడవలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా దించుతారు. దాని రెండు కొసల తాళ్ళనీ ఒడ్డున రెండు వరసల మనుషులు లాగుతారు. నేను వెళ్ళేసరికి వల నీళ్ళలో ఉంది, మనుషులు సిద్ధంగా ఉన్నారు. అందరూ ఇస్త్రీ చొక్కాల్లో! ఒకాయన పౌడరు కూడా రాసుకున్నాడు. నేను ఊహించుకున్న కండలు, ఉప్పు పట్టిన వీపులు ఎక్కడా లేవు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండాలని కాస్త గట్టిగానే అన్నాను.

"పుస్తకంలో ఎక్కేది మావు గదా బాబూ. మా బొమ్మ మాకు బాగుండొద్దేటి?" అన్నారు పోలయ్య గారు.

నేను కెమెరా మూత తీశాను.

లాగడం మొదలైంది. ఫోటోవాడు వచ్చాడని, పత్రికకి పద్ధతైన పాట ఉండాలని, వాళ్ళు ఒక దేవుడి పాట ఎత్తుకున్నారు. మంచి పాటే, కానీ దానికి లాగుడు లేదు. ఒక చరణం అయ్యేసరికి ఎడమ వరస ముందుకొచ్చేసింది, దూరంగా ఉన్న కుడి వరస వెనకబడింది. వల ఏటవాలుగా వస్తోంది. ఇలాగే వస్తే తెరుచుకున్న పక్కనుంచి చేప జారిపోతుందట. పోలయ్య గారి ముఖంలో కంగారు కనిపిస్తోంది, అయినా అతిథి ముందు అసలు పాట ఎత్తనివ్వడం లేదు. నా ముఖచిత్రం కోసం ఇంతమంది పొద్దుటి వేట పోయేలా ఉంది. పాట ఆపి మీ పాటే పాడమని అరిచాను. ఎవరూ వినిపించుకోలేదు.

చేపలు కొనడానికి వచ్చి, గంప బోర్లించి దాని మీద కూర్చున్న నూకాలమ్మ లేచింది. అరవై దాటిన మనిషి. "ఒరే పోలయ్యా, ఇది వలేటి, భజనేటి? సేపలు దండం ఎట్టి ఎల్లిపోతన్నాయి, సూడు," అంది. అని, కొంగు నడుముకి బిగించి, చెయ్యి సముద్రం వైపు చాపి ఎత్తుకుంది:

"పోలయ్య మావకి హైలెస్సా,
పెళ్ళామంటే బయ్యం హైలెస్సా,
ఆ పెళ్ళానికేమో హైలెస్సా,
పీతంటే బయ్యం హైలెస్సా!"

ఒడ్డంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుతోనే తాడు బిగిసింది. తర్వాతి చరణాలు మరీ పచ్చివి, ఇక్కడ రాయలేను. దూరపు వరస బదులు అందుకుంది, రెండు తాళ్ళూ ఒకే ఊపిరి పీల్చినట్టు కదిలాయి. అప్పుడు చూశాను: వెనక కొసకి చేరినవాడు తాడు వదిలి, పరుగున నీళ్ళ అంచుకొచ్చి మళ్ళీ ముందు పట్టుకుంటాడు. అక్కడికి ఎవరు వస్తే తర్వాతి చరణం వాళ్ళది. బావని మరిది, మావని అల్లుడు, యజమానిని కూలి, అందరూ పేరు పెట్టి ఆడిపోసుకుంటున్నారు, పోలయ్య గారు కూడా లాగుతూనే నవ్వుతున్నారు. ముందున్న ముఖం చరణానికోసారి మారిపోతోంది, నేను వెతికిన ఆ ఒక్క ముఖం ఎక్కడా నిలవదు. ఇస్త్రీ చొక్కాలన్నీ తడిసి ఒంటికి అతుక్కున్నాయి. నూకాలమ్మనీ, వెనకున్న వరసనీ కలిపి చూసుకుని మీట నొక్కాను.

వల నిండుగా కాదుగానీ, బాగానే వచ్చింది. కెమెరాలో బొమ్మ చూపిస్తే నూకాలమ్మ, "నా నోరు అంత పెద్దగుంటాదేటి," అని కెమెరా దగ్గరికి లాక్కుని, "ఇదే ఎయ్యి. మా కోడలు సూడాల," అంది.

తిరుగు రైల్లో ల్యాపుటాపు ఒళ్ళో పెట్టుకుని అట్ట అమర్చాను. ముందు ఆమె, వెనక తాడు లాగుతూ వెనక్కి వాలిపోయి నవ్వుతున్న వరస. పత్రిక పేరు వేయడానికి పైన ఆకాశమే లేదు. కింద తడి ఇసుక మీద వేశాను. శ్రీధర్ గారు చూసి, ఆమె ఏం పాడుతోందని అడిగారు. మొత్తం చెప్పాను. కుర్చీలోంచి పడిపోయేంతగా నవ్వి, "పాట అచ్చు వేస్తే మనల్ని తంతారు. బొమ్మ పంపించెయ్," అన్నారు.

శ్రమ ముఖం బిగుసుకునే ఉంటుందని ఎందుకనుకున్నానో తెలియదు. నేను చదివిన కాగితాల్లో కూలివాడు ఎప్పుడూ పిడికిలి బిగించే కనబడతాడు. ఆ కోపం నిజం, నాకు ఇంకా ఉంది. కానీ అంత బరువుని లాగుతూ అంత పెద్దగా నవ్వగలగడం ఏ కాగితంలోనూ చదవలేదు. అది చూసినప్పటినుంచి, బిగిసిన నా పిడికిలి కొంచెం సడలినట్టుంది.

వెళ్ళేవారికి ఒక్క మాట. కెమెరా సంచిలోనే ఉంచి ముందు తాడు పట్టుకుంటానని అడగండి, ఎవరూ కాదనరు. అరచేతికి గుడ్డ చుట్టుకోండి, తడి తాడు కోసేస్తుంది. మీ మీద ఒక చరణం పడిందంటే, ఇక ఫోటో తీసుకోవచ్చని అర్థం.