పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే

మా ముత్తాత నాలుగూళ్లకు దేశ్‌ముఖ్. మా తాత ఎదుట చెప్పులతో నిలబడినవారు లేరు. నేను చదువుకునేనాటికి భూములు పోయి ‘దొర’ అన్న పిలుపు మాత్రం మిగిలింది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నన్ను నల్లగొండ వైపు మా ఊరికి దగ్గరలోని ఒక సర్కారు దవాఖానకు రేడియాలజిస్టుగా బదిలీ చేశారు. ఎక్స్‌రేలు, స్కానింగులు చూసి రిపోర్టు రాయడం నా పని.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం మా ఊరి మల్లయ్యను కడుపునొప్పితో తెచ్చారు. అతని తండ్రి మా ఇంట్లో జీతగాడు, ఏడాది జీతానికి పనిచేసిన పాలేరు. మల్లయ్య మోకాళ్ల నొప్పులకు రోజూ గోలీలు మింగేవాడు. అలాంటివారికి చిన్నపేగు మొదట్లో పుండు లేచి, ఒక్కోసారి చిల్లి పడుతుంది. అందులోంచి గాలి పొట్టలోకి వస్తుంది. రోగిని పది నిమిషాలు నిటారుగా కూర్చోబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఆ గాలి పైకి చేరి, కాలేయం మీద నల్లటి నెలవంకలా కనబడుతుంది. సర్జన్ అడిగింది అదే.

నేను గదిలోకి వెళ్లగానే మల్లయ్య స్టూలు దిగి నేల మీద కూర్చున్నాడు.

“తాతా, స్టూలెక్కి కూసో. ఫొటో నీకా, సారుకా?” అంది టెక్నీషియన్ సరిత.

“దొర నిలవడంగ నేను మీద కూసుంటనా బిడ్డా?” అన్నాడు.

నొప్పి ఎలా ఉందని నేను అడిగాను.

“గంతేం లేదు దొరా. నీకెందుకు తిప్పల.”

రెండుసార్లు ఎక్కించాం. రెండుసార్లూ దిగాడు. ఆ మర్యాద నాకు నచ్చింది, దాచను. నేను బయటికి వెళ్తే సరిపోయేది. వెళ్లలేదు. మూడోసారికి అతనికి కూర్చునే ఓపిక లేకపోయింది. పడుకోబెట్టి తీయమన్నాను. వెల్లకిలా పడుకుంటే గాలి పొట్ట ముందువైపు పరుచుకుంటుంది, నెలవంక ఏర్పడదు. అది తెలిసీ ‘గాలి లేదు’ అని రాశాను. ఎలా తీశామో రాయలేదు. సర్జన్ నా రిపోర్టు నమ్మి ఆపరేషన్ ఆపాడు.

తెల్లారేసరికి మల్లయ్య పొట్ట చెక్కలా బిగుసుకుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి తీస్తే కాలేయం మీదుగా గాలి స్పష్టంగా కనబడింది. కూర్చోలేనివారికి మొదటే చేయవలసిన పద్ధతి అది. ఆపరేషన్ చేశారు. అప్పటికే చీము పొట్టంతా పాకింది. నాలుగో రోజు మల్లయ్య చనిపోయాడు.

అతని భార్య లక్ష్మమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను.

“దొర జూసిండు గదా, ఇంక ఫికర్ లేదని ఆ రాత్రి నేను ఇంటికి పోయిన” అంది.

పదవీ విరమణ దాకా ప్రతి రిపోర్టు మొదటి వాక్యంలో రోగిని ఎలా ఉంచి ఎక్స్‌రే తీశారో రాశాను. నన్ను చూసి రోగి లేవబోతే గది వదిలి వెళ్లాను.

మల్లయ్య దినాల ఖర్చుకు ఇంటివాళ్లు ఎడ్ల జతను అమ్మారు.