తగినవాళ్లు లేరట

ఒక సైన్సు సంఘం యువ పరిశోధకులకు ఇచ్చే అవార్డు ఎంపిక కమిటీలో నేనూ సభ్యుణ్ణి. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాడు, ఉంటే శోభగా ఉంటుందని నన్ను పిలిచారు. సమావేశాలు శంషాబాద్‌లో ఒక హోటల్లో. పొద్దున విమానం దిగిన పెద్దలు సాయంత్రానికి మళ్లీ ఎక్కేయాలి కదా.

సంఘానికి సొంత డబ్బు ఉండదు. ఎవరో దాత కొంత మొత్తం ఇస్తాడు. దాన్ని బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీతో ఒకరికి అవార్డూ, ఏడాది పనికి సరిపడే గ్రాంటూ ఇస్తారు. అవార్డుకు దాత కోరిన పేరు పెడతారు. మా కమిటీ చూసే భూగర్భ జలాల అవార్డుకు డబ్బిచ్చింది ఒక ప్లాట్ల వ్యాపారి. పేరు ఆయన తండ్రిది. ఆ తండ్రి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగి, కాయ నిలువుగా లేచిన చోట బోరు వేయమని చెప్పేవాడు. ఆ సంగతి తెలిసే పెద్దలు డబ్బు తీసుకున్నారు.

2012లో చివరి వరకు నిలిచింది కొత్తూరు వైపు రైతుబిడ్డ. ఒక వానాకాలానికి ముందూ తర్వాతా బావుల్లో నీటిమట్టం కొలిచింది. రెండో వానాకాలం కూడా కొలిస్తేనే ఆ పనికి విలువ. గ్రాంటు లేకపోతే కొలవడం కుదరదు. ఆమె రాసినదాంట్లో ఒక అధ్యాయం ఉంది: కాయతో నీళ్లు చూసేవాళ్ల కళ్లకు గంతలు కట్టి అదే పొలంలో మళ్లీ నడిపిస్తే, కాయ ప్రతిసారీ వేరే చోట లేచింది.

ఆమెను ఇంటర్వ్యూకు పిలిచాం. కమిటీలో తనూ ఒకడిగా కూర్చున్న దాత కోపగించుకోలేదు. "అమ్మా, నీ చదువు మంచిదే. జర ఆ కాయ ముచ్చట తీసెయ్యి. మా బాపు ఫొటో కింద నిలబడి మా బాపునే తప్పంటవా?"

సంఘం అధ్యక్షుడు భౌతికశాస్త్రంలో పేరున్న మనిషి. ఒక్క అధ్యాయం తీసేస్తే సైన్సుకొచ్చే లోటేమీ లేదన్నాడు. గ్రాంటు చేతికొచ్చాక విడిగా అచ్చేసుకోవచ్చని దారి కూడా చూపాడు.

ఆమె దాత వైపే చూసింది. "మా బాపు బోర్లన్నీ కాయ చెప్పినకాడనే ఏసిండన్నా. అన్నీ ఎండినయ్. ఇగ నేను గది రాయకుంటె ఎవరు రాస్తరు?"

ఆమెను బయట కూర్చోమన్నారు. చేతులెత్తమన్నప్పుడు ఆమెకు అనుకూలంగా లేచింది నా చెయ్యి ఒక్కటే. జీవితమంతా కొలతల మీద బతికిన మనుషులు, కొలిచి చూపిన పిల్లను మర్యాద తెలియనిదన్నారు. దాత డిపాజిట్టు వెనక్కి తీసుకుంటాడేమోనని వాళ్ల భయం. ఆయన ఆ మాట అననే లేదు. అనకముందే వీళ్లు వంగారు.

మధ్యాహ్నం అక్కడే సభ. శాస్త్రవేత్తలు కొబ్బరికాయ కొట్టి, దాత తండ్రి ఫొటోకు దండ వేశారు. ఈ ఏడు తగిన అభ్యర్థి ఎవరూ లేరని, వడ్డీని అసలులో కలిపామని అధ్యక్షుడు ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో వాళ్లు ఫ్లైటుకు వేళవుతోందని లేచారు.

నేను రాజీనామా పంపాను. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. బడంగ్‌పేట్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పడానికి చేరింది. అక్కడ సెలవు దొరకదు. ఆ ఏడు వానలు పడ్డాయి. బావుల్లో నీళ్లు ఎంత లేచాయో కొలిచినవాళ్లు లేరు.