తాళం వేసిన తెలుగు బీరువా

గుడియాత్తంలో మా పేట లైబ్రరీలో తమిళ పుస్తకాలన్నీ చేతికందేలా అరల్లో ఉండేవి. తెలుగు పుస్తకాలకు మాత్రం అద్దాల బీరువా, దానికి తాళం. మా పేటలో ఇంటింటా తెలుగే మాట్లాడతాం, అప్పట్లో చదవడం మాత్రం నాతో సహా ఒక్కరికీ రాదు. ఊరికే తీసుకుపోయి పాడుచేస్తారని, చదివి చూపించినవాళ్ళకే ఇచ్చేవారు. తాళంచెవి పెట్టుకున్న లైబ్రేరియనుకూ తెలుగు రాదు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అమ్మ మేస్త్రీ దగ్గర సిమెంటు కలిపే పనికి పోయేది. చిన్నప్పుడు వాళ్ళ తాత తెలుగు పుస్తకం చదువుతుంటే విన్నదట. "ఇంగొక్కసారి వినాలని ఉండాదమ్మా" అంది ఒకరోజు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. కాదనలేకపోయాను.

లైబ్రేరియను చేతికొచ్చిన, అట్ట ఊడిన పుస్తకమొకటి తీసి చదవమన్నాడు. బొమ్మ ఒక్కటీ లేదు. నేను పేజీ మీద వేలు జరుపుతూ నోటికొచ్చిన రాజు కథ గడగడా చెప్పేశాను. ఆయన తల ఊపి ముద్ర వేశాడు.

ఇంట్లోనూ అదే నాటకం. అమ్మ కళ్ళు మూసుకుని విన్నది. మర్నాడు, "రాజు అడివికి పోయినాడే, అది మళ్ళా చదువు" అంది. నిన్న ఏనుగెక్కిన రాజు ఇవాళ గుర్రమెక్కాడు. అమ్మ కళ్ళు తెరిచి నావైపు చూసింది. పుస్తకాన్ని కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు నేను వేలూరులో ఆసుపత్రి ఎదుటి మందుల అంగడిలో పనిచేసేదాన్ని. భర్త వైద్యానికి వచ్చి పక్క లాడ్జిలో నెలల తరబడి ఉన్న నెల్లూరు పెద్దమ్మ ఒకామె, మందుల చీటీల వెనక నాకు అక్షరాలు రాసిచ్చింది. అన్నం వేళ దిద్దుకునేదాన్ని. గడువు తీరినప్పుడల్లా అదే పుస్తకానికి మళ్ళీ ముద్ర వేయించుకున్నాను. మొదటి వాక్యం అమ్మ ముందే చదవాలని అన్నాళ్ళూ దాన్ని తెరవలేదు.

ఒక సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంది. కూడబలుక్కుంటూ చదివాను. రాజూ లేడు, అడవీ లేదు. అరటి తోటకు ఎరువు ఎప్పుడు వేయాలో ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"అమ్మా, ఇది కత కాదు."

అమ్మ దగ్గరికి జరిగి నా వీపు మీద చెయ్యి వేసింది.

"కతలు నువ్వు చెప్పినావు గదమ్మా. ఇప్పుడు చదువు."