గేట్లు ఎత్తిన కార్డు

"ఆ గేట్ల కార్డు ఇంకా దాచావా అన్నయ్యా?"

"దాచానే. నీకింకా భయమేనా?"

అమ్మాయ్, ఏలూరు ఆసుపత్రిలో మీ నాన్నా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలవే. నిన్న నువ్వు ఆయన కార్డుల డబ్బా తెరిచావు చూడు, ఆ చెమ్మ కాగితాల వాసనకి నేను లేచి వాకిట్లోకి వెళ్లిపోయాను.

చిన్నప్పుడు అన్నయ్య ఆనకట్టల బొమ్మల కార్డులు ఎక్కడెక్కడివో సేకరించి, కొల్లేటి ఒడ్డున మా ఇంటి తడికకు గుచ్చేవాడు. ఒక కార్డులో గేట్లన్నీ ఎత్తి ఉండేవి, నీళ్లు తెల్లగా దూకుతుండేవి. ఓ వానాకాలం మా నాన్న వలలు తీయడానికి దోనె మీద వెళ్లాడు. అంతలో వీధిలో, "పైన గేట్లు ఎత్తేశారంటండీ" అన్నారెవరో. అవి మా తడిక మీది గేట్లే అనుకున్నాను. కార్డును వెనక్కి తిప్పి, రెండు చేతులతో తడికకేసి అదిమాను.

"వదలవే, నలిగిపోద్ది."

"వదిలితే నాన్న మునిగిపోతాడు."

అన్నయ్య నవ్వలేదు. నా చేతుల మీద తన చేతులు వేసి, నాకంటే గట్టిగా నొక్కాడు. కాగితం నొక్కితే నీళ్లు ఆగవని ఆయనకు తెలుసు. ఆయనకూ భయమేసిందని నాకు ఇప్పుడు తెలుస్తోంది. పొద్దువాలాక నాన్న తడిసి ముద్దై వచ్చాడు.

నేను చెప్పిందంతా రాశావా అమ్మా? ఒకసారి చదివి వినిపించు. మా నాన్న తిరిగొచ్చాడని రాశావో లేదో వినాలి.