ఖాళీ దొడ్డికి పచ్చ టిక్కు

2019 వానాకాలం. నల్గొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నాది విచిత్రమైన పని. ఇంగ్లీషులో రాసిన మామూలు వాక్యాలను ఫస్ట్ ఆర్డర్ లాజిక్‌లోకి మార్చాలి. అంటే 'అన్నీ', 'కనీసం ఒకటి', 'అయితే', 'కాదు' లాంటి మాటలకు గుర్తులు పెట్టి కంప్యూటర్‌కు తికమక లేకుండా చెప్పాలి. ఇందులో నన్ను తప్పు పట్టేవాళ్లు జిల్లాలోనే లేరని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ ఏడు గొర్రెల కాపరుల సంఘం ఒకటి టీకాల కోసం ప్రోగ్రామ్ అడిగింది. వాళ్లు ఇంగ్లీషులో ఇచ్చిన వాక్యం ఒక్కటే: ప్రతి సభ్యుడి గొర్రెలన్నిటికీ టీకా పడాలి. నేను ఇలా రాశాను: ఏ సభ్యుడైనా, ఏ గొర్రె అయినా సరే, అది అతని సొంతమై, అతని దొడ్డిలో ఉంటే దానికి టీకా పడి ఉండాలి. దొడ్డి మాట నేను కలిపిందే. మా నాయిన టైలర్, ఇంట్లో గొర్రెలు ఎరగం. ఎవరివి వాళ్ల దొడ్డిలో కాక ఇంకెక్కడ ఉంటాయి అనుకున్నాను.

మొదటిసారి వాడే రోజు పశువుల డాక్టర్ గారి వెంట చిట్యాల దగ్గరి ఒక ఊరికి వెళ్లాను. పక్క ఊళ్లో పారుడు రోగం దిగి గొర్రెలు చచ్చిపోతున్నాయి. టీకా మందు ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడేయాలి. దొడ్డి దొడ్డికీ ఫోన్ గొర్రెల చెవి బిళ్లల నంబర్లు పిలుస్తుంటే డాక్టర్ గారు సూదులు వేశారు. ఫోన్‌లో పేర్లన్నీ ఒక్కొక్కటే పచ్చబడ్డాయి, ఊరు పూర్తి అని వచ్చింది. మందలు మేతకు కదిలాయి. డాక్టర్ గారు ఐసు డబ్బా సర్దుతుండగా యాదమ్మ అనే ఆవిడ వచ్చి, తన గొర్రెలకు సూది పడలేదంది. భర్త పోయిన మనిషి, పదకొండు గొర్రెలే ఆమె బతుకు.

ఫోన్ చూపించాను. ఆమె పేరు పక్కన పచ్చ టిక్కు ఉంది.

"అన్నిటికీ పడ్డట్టే సూపిస్తాంది అమ్మా," అన్నాను విసుగ్గా.

"నా దొడ్డిల ఒక్క గొర్రె లేదు బిడ్డా. లేని గొర్రెకు సూది ఎట్ల ఏసిండ్రు?"

లాజిక్‌లో ఖాళీ దొడ్డి గురించి 'అన్నిటికీ టీకా పడింది' అంటే అది నిజమే. కాదనడానికి, టీకా పడని గొర్రె ఒకటైనా అక్కడ ఉండాలి కదా. దీన్ని వేక్యుయస్ ట్రూత్ అంటారు. కాలేజీలో ఇది విని నవ్వుకున్నాం.

మోకాళ్ల నొప్పులతో యాదమ్మ తన గొర్రెలను మరిది లింగయ్యకు పాలుకు ఇచ్చిందట. మేపేది ఆయన, పుట్టిన పిల్లల్లో చెరి సగం. ఊరూరా ఉన్న పద్ధతే, నేనే అడగలేదు. యాదమ్మవి ఆయన సొంతం కావు కాబట్టి, ఆయన దొడ్డిలో ఫోన్ ఆయన సొంత గొర్రెల నంబర్లే పిలిచింది.

కలిపిన మందుకు ఇంకా నలభై నిమిషాలే గడువు ఉంది. యాదమ్మను బైకు మీద ఎక్కించుకొని గుట్ట వెనక బీడుకు పోయాను, వెనకాలే డాక్టర్ గారి జీపు. ఏమన్నా అయితే ఈమెకు ఏం చెప్పాలన్నదే నా భయం.

"మా వదినెయి పిలువలే. మల్ల ఏస్తరేమో అని పక్కకు నిలవెట్టిన," అన్నాడు లింగయ్య.

నంబర్లు చదివే టైము లేదు. యాదమ్మ మొహాలు చూసి ఒక్కొక్కదాన్నే పట్టిచ్చింది. పదింటికి సూది పడింది. పదకొండోది తుమ్మల చాటున పడుకొని ఉంది, చూలుది. డాక్టర్ గారు దాని చెవులు పట్టి చూసి తల అడ్డంగా ఊపారు. ఒళ్లు కాలిపోతోంది, ఇక టీకా వేయకూడదు, మంద నుంచి విడిగా కట్టేయమన్నారు. పొద్దున నా ప్రోగ్రామ్ దాన్ని పిలిచి ఉంటే, మందతో మేతకు పోకముందే ఆయన కంట పడేది.

నాలుగో రోజు అది చచ్చిపోయింది. మిగతా పదీ బతికాయి. యాదమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది.

ఇప్పుడు ఎవరైనా 'అన్నీ' అని రాయమంటే, ముందు ఒకటి చూపించమంటాను. అది ఎక్కడ ఉంటుందో, ఎవరి దగ్గర ఉంటుందో స్వయంగా చూసి వస్తాను. సూదులు వేసిన ఆ రోజు సాయంత్రం ఆఫీసుకు వచ్చి దొడ్డి మాట కొట్టేసేముందు యాదమ్మ వరుస మళ్లీ తెరిచాను. పొద్దున ఎట్లా ఉందో అట్లాగే, అన్నిటికీ టీకా పడిందని పచ్చగా ఉంది.