ఏసీ డబ్బాకు కట్టిన వడియాల చీర

పిల్లలూ, మీ సరిత అత్త పెళ్లి వడియాల వల్ల చెడిపోబోయింది. చెడిపోయుంటే ఆ పాపం పూర్తిగా నాదే. నాగపూర్‌లో మీ నాన్న ఈ కథ మీకెలా చెప్పాడో గానీ, నన్ను సగం పిచ్చిదాన్ని చేసే ఉంటాడు. మిగతా సగం నేను చెప్తాను.

అప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ మూడో అంతస్తుకి కొత్తగా వచ్చాం. మిద్దె మీద వడియాలు పెడదామంటే కోతులు. అవి నాకంటే ముందే పైకెక్కి, పంక్తిలో కూర్చున్న పెళ్లివారిలా ఎదురుచూసేవి. ఆ దిగులుతో ఒకరోజు బాల్కనీలో నిలబడ్డాను. హాల్లో పెట్టించిన కొత్త ఏసీకి బయట ఒక డబ్బా ఉంటుంది కదా, దాని ఫ్యాన్ నుంచి వేడిగాలి బుస్సుమని మొహాన కొట్టింది. ఇంకొకరైతే తప్పుకునేవారు. నాకు మాత్రం రోహిణి కార్తె ఎండ మెట్లెక్కి ఇంటికొచ్చినట్టనిపించింది.

ఇంక ఆగుతానా? పాత చీర మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టి, అవి కాస్త గట్టిపడి చీరకు అంటుకున్నాక, దాన్ని డబ్బా ముందు పరదాలా కట్టాను. గాలికి ఎగరకుండా కింద రుబ్బురోలు పొత్రం బరువు పెట్టాను.

ఆ రోజు నుంచే ఏసీకి రోగం. కాసేపు చల్లగా ఉంటుంది, తర్వాత బయట ఫ్యాన్ టక్కున ఆగుతుంది, హాలు కుంపటవుతుంది. కాసేపటికి మళ్లీ తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. కొత్తల్లుడి అలకలాగా, ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు.

"కొత్త మిషిన్‌కు గప్పుడే ఏమొచ్చిందే?" అన్నారు మీ తాత.

"కిందింటోళ్ల దిష్టి తగిలింది" అన్నాను.

డబ్బాకు నిమ్మకాయ కట్టాను. నిమ్మకాయ కూడా బాగా ఎండింది.

అందరికంటే పరేషాన్ మీ అత్తది. తన ఆఫీసులో పనిచేసే అబ్బాయి తనకు నచ్చాడు. వాళ్లది గుంటూరు వైపు, ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డారు. తల్లిదండ్రులతో పిల్లను చూడ్డానికి వస్తామన్నారు.

"అమ్మా, వాళ్లమ్మకు ఉక్క అస్సలు పడదు. చెమట పడితే కోపమొస్తదంట. గా రోజు ఏసీ ఆగిందంటే నా పెళ్లి ఆగినట్టే" అంది.

మెకానిక్ యాదగిరిని పిలిచాం. ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆరే వడియాల మీద పరాయి కన్ను పడితే నూనెలో పొంగవని మా అమ్మ చెప్పేది. అందుకని బెల్లు మోగగానే చీర విప్పి, లోపల మంచం మీద పరిచి, అప్పుడు తలుపు తీసేదాన్ని. యాదగిరి చూసేసరికి ఫ్యాన్, తనిఖీ రోజు బళ్లో పిల్లాడిలా బుద్ధిగా తిరిగేది.

"మంచిగనే తిరుగుతుంది గదమ్మా!"

"నువ్వు పోయినంక సూడు బిడ్డా."

"నేను పోయినంక నేనెట్ల సూస్తనమ్మా?"

అదీ నిజమే. పాపం, ఏవో వైర్లు మార్చి వెళ్లాడు. నేను చీర కట్టాను. ఫ్యాన్ ఆగింది. మళ్లీ పిలిస్తే మళ్లీ అదే.

"గీ ఏసీకి నేనంటే బయమమ్మా. నా ఫోటో ఒకటి తగిలించుకోండ్రి" అనేసి పోయాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఏసీ రచ్చలోనే గెలిచేది.

పెళ్లిచూపుల రోజు రానే వచ్చింది. వాళ్లు చెప్పిన వేళకంటే చాలా ముందే మెట్రో దిగి వచ్చేశారు. నేను కుచ్చిళ్లు పెట్టుకుంటుండగానే మీ తాత తలుపు తీసేశారు! డబ్బాకు కట్టిన చీర విప్పే వ్యవధి ఏది? బాల్కనీలోకి ఉరికి, వడియాల మీద ఓ మందపాటి దుప్పటి కప్పి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను.

మంచినీళ్లు తాగేవరకు చల్లగానే ఉంది. తర్వాత టక్.

"వదినగారూ, కాస్త ఉక్కగా లేదూ?" అంది పెళ్లికొడుకు తల్లి, పమిటతో విసురుకుంటూ.

"కరెంటు పోయినట్టుంది వదినా."

"లైట్లు వెలుగుతున్నాయి కదండీ!"

మీ అత్త నా వంక చూసిన చూపుకి నిమ్మకాయ ఇంకోసారి ఎండేది.

"కాస్త బాల్కనీలో నుంచుంటాను" అని ఆవిడ లేచింది.

"గటు ఎండ ఉంది వదినా!"

"ఫరవాలేదండీ." వెళ్లింది. దుప్పటి ఎత్తింది. చీర చూసింది. డబ్బా చూసింది.

వెనకే వచ్చిన మీ తాత నోరు తెరిచారు. "వేడిగాలి బయటికి పోక డబ్బా కాగిపోతుంది, గందుకా ఫ్యాన్ ఆగేది! యాదగిరి వొచ్చినప్పుడు యాడ దాసినవే దీన్ని?"

"మంచం మీద" అన్నాను మెల్లగా. "పరాయోళ్ల కన్ను పడొద్దని."

ఆవిడ మొహం ఎర్రగా కందింది. మీ అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిపోయింది, సంబంధం పోయింది అనుకున్నాను.

ఆవిడ గిర్రున భర్త వైపు తిరిగింది. "ఏవండీ, మన ఏసీ ఎందుకు ఆగిపోతోందో తెలిసింది. వెళ్లగానే దానికి కట్టిన నా అప్పడాల గుడ్డ విప్పేయాలి!"

"అప్పడాలా? మరి మెకానిక్ వచ్చినప్పుడు కనపళ్లేదే?"

"దిష్టి తగలదుటండీ? దాచేశాను!"

తాంబూలాలు ఆ సాయంత్రమే మార్చుకున్నాం. మా జాతకాలు అంతకంటే ఏం కలవాలి?

కనుక పిల్లలూ, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏసీ డబ్బా మీద ఒక్క వడియం కూడా ఆరబెట్టను. మీ తాత కారు బానెట్టు ఈ ప్రమాణంలోకి రాదు. దాని మీద ఇప్పుడు మినప వడియాలున్నాయి. ఆయన్ని సాయంత్రం దాకా ఎటూ వెళ్లొద్దని చెప్పాను.